ఒకే పచ్చబూజు, వేరువేరు వంశాలు: శనక్కాయ కుప్పలో కంటికి కనిపించని తేడా

ఆడి నెలలో విత్తిన శనక్కాయ ఐప్పసిలో చేతికొచ్చేసరికి ధర్మపురి, కృష్ణగిరి పల్లెల్లో ఒక పని తప్పదు. వానలో తడిసిన కాయలను కల్లంలోనో మిద్దె మీదో ఆరబోసి, ఒలిచి, ఇంట్లోవాళ్లంతా చుట్టూ కూర్చుని ఏరతారు. నిండైన గింజలు విత్తనానికి, వంటకు, అమ్మకానికి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, పచ్చగా బూజు పట్టినవి ఒక పక్కకు. ఆ పక్కకు పోసినవి ఎక్కడికి పోతాయన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన అసలు సంగతి. చాలా ఇళ్లలో అవి గానుగకు పోతాయి, లేకపోతే ఆవు తొట్టిలోకి పోతాయి. పారేయడం ఎందుకు, పశువు తింటుంది కదా అని తరాలుగా అనుకుంటూ వచ్చాం.

ఆ పచ్చబూజు మీద గత అరవై ఏళ్లలో జరిగినంత పరిశోధన మరే ఆహారపు బూజు మీదా జరగలేదేమో. అందులో తేలిన ముఖ్యమైన విషయం ఒకటుంది. చూడటానికి ఒకేలా ఉండే ఆ బూజు నిజానికి ఒకటి కాదు. ఒక వంశం ప్రాణం తీసేంత విషం తయారు చేస్తుంది. దాని పక్కనే, అదే రంగులో పెరిగే మరో వంశానికి ఆ విషం తయారు చేయడమే రాదు. కన్ను, ముక్కు, నాలుక ఈ తేడాను పట్టలేవు.

విషం ఎలా బయటపడింది

ఈ బూజు శాస్త్రీయ నామం ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. నేలలో, ఎండిన ఆకుల్లో, పాత దంట్లలో ఎప్పుడూ ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. కారణం తెలియక ఆ జబ్బుకు ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టారు. చివరికి ఆరా తీస్తే బ్రెజిల్ నుంచి దాణాకోసం తెచ్చిన శనక్కాయ చెక్క దగ్గర తేలింది. ఆ చెక్కలో ఉన్న విషానికి బూజు పేరు మీదుగానే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసేవి బి1, బి2 అనీ, ఆకుపచ్చగా మెరిసేవి జి1, జి2 అనీ నాలుగు ముఖ్య రకాలు. వీటిలో బి1 అన్నిటికంటే చెడ్డది.

ఈ విషం ప్రధానంగా కాలేయం మీద పడుతుంది. ఒకేసారి ఎక్కువగా తింటే కామెర్లు, పొట్టలో నీరు, మరణం. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అఫ్లాటాక్సిన్లను మొదటి వర్గంలో, అంటే మనిషికి క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో పెట్టింది. హెపటైటిస్ బి ఉన్నవారిలో ఇదే మోతాదు దాదాపు 30 రెట్లు ఎక్కువ ప్రమాదమని లెక్క. ఇంట్లో ఎవరికైనా ఆ వ్యాధి ఉంటే శనక్కాయ, మొక్కజొన్న విషయంలో రెట్టింపు జాగ్రత్త పడాలి.

ఇంకొక మాట ముందే చెప్పుకుందాం. మామూలు వంట వేడికి అఫ్లాటాక్సిన్ పోదు. వేయించినా, ఉడికించినా కొంత తగ్గుతుందేమో గాని నమ్మదగినంత కాదు. పాలు కాచినా పాలలోని విషం అలాగే ఉంటుంది.

ఇంటిపేర్లు, గోత్రాలు

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్‌లో వైవిధ్యాన్ని శాస్త్రవేత్తలు మొదట కంటితోనే కొలిచారు. ఈ బూజు కష్టకాలానికి దాచుకునే గట్టి నల్లని ఉండలుంటాయి. 0.4 మిల్లీమీటరు కంటే పెద్ద ఉండలు చేసేవాటిని ‘ఎల్’ తెగ అనీ, అంతకంటే చిన్నవి, చాలా ఎక్కువగా చేసేవాటిని ‘ఎస్’ తెగ అనీ విడదీశారు. ‘ఎస్’ తెగ దాదాపు ఎప్పుడూ ఎక్కువ విషం చేస్తుంది. ‘ఎల్’ తెగలో మాత్రం ఎంత చెబితే అంత తేడా: కొన్ని విపరీతంగా చేస్తాయి, కొన్ని కొద్దిగా, కొన్ని అసలు చేయవు.

రెండో కొలత మన వాళ్లకు సులభంగా అర్థమయ్యేది. బూజు తీగలు నేలలో పాకుతూ ఒకదానికొకటి తగిలినప్పుడు, రెండూ ఒకే కూటమివైతే కలిసిపోయి ఒకటవుతాయి. వేరు కూటమివైతే తగిలిన చోట కణాలు చచ్చిపోతాయి, కలయిక జరగదు. ఎవరితో కలవాలో ఎవరితో కూడదో కొన్ని జన్యువులు నిర్ణయిస్తాయి. మన గోత్రాల కట్టుబాటుకు ఇది సరిగ్గా తిరగబడింది: మనం స్వగోత్రంలో చేసుకోం, బూజు స్వగోత్రంతో తప్ప కలవదు. ఒకే చేనులో ఇలాంటి కూటములు చాలా ఉండవచ్చు. ఒక కూటమిలోని బూజులన్నీ దగ్గరి జ్ఞాతులు కాబట్టి విషం విషయంలో కూడా చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి.

చాలాకాలం ఈ బూజుకు ఆడా మగా తేడా లేదనీ, తన నకలును తానే తీసుకుంటూ పోతుందనీ అనుకున్నారు. 2009లో అమెరికా శాస్త్రవేత్తలు దీనికి లైంగిక దశ కూడా ఉందని ప్రయోగశాలలో చూపించారు. అంటే రెండు వేరు వంశాల జన్యువులు కలిసి కొత్త సంతానం పుట్టగలదు. విషం లేని వంశం ఎప్పటికీ అలాగే ఉంటుందని కళ్లు మూసుకుని నమ్మడానికి లేదన్నమాట. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాం.

వంశం తేడా ఎంత పెద్దదో కెన్యా చూపించింది. 2004లో ఆ దేశపు తూర్పు ప్రాంతంలో ఇంట్లో నిల్వ చేసుకున్న మొక్కజొన్న తిని 317 మంది జబ్బు పడ్డారు, 125 మంది చనిపోయారు. తరువాత ఆ మొక్కజొన్న నుంచి బూజును వేరుచేసి చూస్తే, జబ్బు వచ్చిన చోట్ల ‘ఎస్’ తెగ బూజే ఎక్కువగా కనిపించింది. జన్యు పరిశీలనలో అది ఫ్లేవస్‌కు దగ్గరి బంధువే గాని వేరే వంశమని తేలింది. బూజు పట్టడం వేరు, ఏ బూజు పట్టిందన్నది వేరు అని ప్రపంచానికి గట్టిగా తెలిసింది అప్పుడే.

విషం వంటగది

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్‌కు ఎనిమిది క్రోమోజోములు. విషం తయారీకి కావలసిన 25కు పైగా జన్యువులు చెల్లాచెదురుగా కాకుండా మూడో క్రోమోజోము చివర ఒకే చోట, సుమారు 70 వేల జన్యు అక్షరాల పొడవున గుంపుగా ఉంటాయి. వంటగదిలో పొయ్యి, రోలు, గరిటె అన్నీ ఒకచోట పెట్టుకున్నట్టు. ఒక జన్యువు ముడిసరుకు చేస్తుంది, తరువాతిది దాన్ని మారుస్తుంది, ఇరవైకి పైగా మెట్లు దాటాక బి1 తయారవుతుంది. ‘ఎఎఫ్ఎల్ఆర్’ అనే ఒక జన్యువు అన్నిటికీ స్విచ్చు లాంటిది.

క్రోమోజోము చివరలు స్థిరంగా ఉండవు. తెగిపోవడం, మారిపోవడం అక్కడ ఎక్కువ. అందుకే ఈ వంటగది రకరకాలుగా చెడిపోతుంది. కొన్ని వంశాల్లో మొత్తం గుంపే లేదు. కొన్నిటిలో సగం పోయింది. అమెరికాలోని అరిజోనా పత్తి చేలలో దొరికిన ‘ఎఎఫ్36’ అనే వంశంలో గుంపు మొత్తం ఉంది, కానీ మొదటి మెట్టు జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఆ ఒక్క అక్షరంతో పని మధ్యలో ఆగిపోతుంది. మామూలు ఫ్లేవస్ జి1, జి2 చేయలేకపోవడానికి కూడా కారణం అలాంటిదే: ఆ పనికి కావలసిన జన్యువుల దగ్గర చిన్న ముక్క దానిలో ఊడిపోయింది. శనక్కాయలోనే ఉండే దాని బంధువు ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్‌లో ఆ ముక్క భద్రంగా ఉంది, కనుక అది నాలుగు రకాలూ చేస్తుంది.

వింతగా అనిపించే సంగతి ఒకటి. జపాన్‌వాళ్లు సోయా సాస్, సాకే మద్యం తయారీకి శతాబ్దాలుగా వాడే కోజి బూజు, ఆస్పర్‌జిల్లస్ ఒరైజే, ఈ ఫ్లేవస్‌కు సొంత తమ్ముడి లాంటిది. ఫ్లేవస్‌ను మనిషి ఇంట్లో పెంచి మచ్చిక చేసుకున్న రూపమే అదని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. దానిలో విషపు జన్యువులు విరిగిపోయి పనిచేయడం మానేశాయి. 2006లో జపాన్ మద్యతయారీ సంఘం కోజిని జాతీయ బూజుగా ప్రకటించింది కూడా. ఒక దేశం గౌరవించే బూజు, మన ఊళ్లో పశువును చంపే బూజు ఒకే ఇంటివి.

మరి విషం చేయని వంశాలు బతకగలుగుతున్నప్పుడు, చేసేవి ఎందుకు మిగిలాయి? 2017లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధన దీనికి ఒక సమాధానం చూపింది. పురుగులు తిరిగే చోట విషం చేసే బూజుకు లాభం, ఎందుకంటే పురుగులు దాన్ని తినడానికి వెనకాడతాయి. పురుగులు లేని మట్టిలో ఆ తయారీకి పెట్టే ఖర్చు దండగ. కాబట్టి రెండు రకాలూ ప్రకృతిలో నిలిచిపోయాయి. పురుగు తొలిచిన కాయను మన పెద్దలు అనుమానంగా చూడటంలో ఎంత అర్థముందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అరికెల మైకం

ఇదే బూజు కుటుంబం చేసే రెండో విషం పేరు సైక్లోపయజోనిక్ ఆమ్లం. ఫ్లేవస్‌లో దాని జన్యువులు అఫ్లాటాక్సిన్ జన్యువులకు ఆనుకునే ఉంటాయి, అయినా రెండూ ఎప్పుడూ కలిసే పోవు. పైన చెప్పిన ఎఎఫ్36 అఫ్లాటాక్సిన్ చేయదు గాని దీన్ని చేస్తుంది. అమెరికాలోనే వాడకంలో ఉన్న మరో వంశం రెండూ చేయదు.

ఈ రెండో విషంతో మనకు పాత పరిచయమే ఉంది. తమిళంలో వరగు, మనకు అరికెలు అనే చిరుధాన్యం వానలో తడిసి బూజు పడితే తిన్నవారికి తల తిరగడం, వణుకు, మత్తు వస్తాయని మెట్ట పొలాల వాళ్లకు తెలుసు. ధాన్యంలోనే మత్తు ఉందని చాలామంది అనుకునేవారు. కారణం బూజు చేసే ఈ ఆమ్లమని 1980లలో మన దేశపు పరిశోధకులే చూపించారు. 2024 అక్టోబరు చివర మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ పులుల అభయారణ్యంలో పది ఏనుగులు చనిపోయినప్పుడు, వాటి కడుపులో పెద్ద మొత్తంలో అరికెలు, ఈ విషం కనబడ్డాయి. చిరుధాన్యాలు మళ్లీ ఇంటింటికీ వస్తున్న ఈ రోజుల్లో, అరికెలు కొనేటప్పుడు వానకు తడవని పంటేనా అని అడగడం తప్పు కాదు. రాగుల సంగతి వేరు. చిన్న గింజ, త్వరగా ఆరుతుంది. పాతరలో ఏళ్ల తరబడి నిలవ ఉండే ధాన్యమని మన పెద్దలు దాన్ని నమ్మింది ఊరికే కాదు.

మన చుట్టుపక్కల జరిగినవి

ఈ విషం చరిత్రలో మన దక్షిణాది పేరు చాలా ముందు నుంచే ఉంది. ఇప్పుడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఒకప్పుడు మన నీలగిరుల్లోని కూనూరులో ఉండేది, 1958లో హైదరాబాదుకు మారింది. అక్కడి శాస్త్రవేత్తలు 1964లోనే కోతిపిల్లలకు అఫ్లాటాక్సిన్ పెట్టి కాలేయం ఎలా చెడుతుందో చూపించారు. తిండి లేక చిక్కిపోయిన పిల్లలకు శనక్కాయ పిండిని చవకైన మాంసకృత్తుగా పెట్టాలని దేశమంతా ఉత్సాహపడుతున్న రోజులవి. మైసూరు పరిశోధకులు 1971లో ప్రచురించిన వ్యాసంలో, తెలియక కలుషితమైన శనక్కాయ పిండి తిన్న పోషకాహార లోపపు పిల్లల్లో కాలేయం గట్టిపడిన సంగతి నమోదైంది. బలానికని పెట్టిన తిండే కాలేయాన్ని తినేసింది.

1974 చివర రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులోని బాంస్వాడా, పంచమహల్ జిల్లాల్లో గిరిజనులకు కామెర్లు వచ్చాయి. మనుషులతోపాటు ఇంటి కుక్కలు కూడా చచ్చాయి. దాదాపు నాలుగు వందల మంది జబ్బు పడితే వందకు పైగా చనిపోయారు. హైదరాబాదు సంస్థవారే వెళ్లి, అకాల వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని తేల్చారు. ప్రపంచంలో ఎక్కడ ఈ విషం గురించి రాసినా ఆ ఘటనను తప్పక చెబుతారు.

1982లో మన పక్క చిత్తూరు జిల్లాలో బూజు పట్టిన దాణాతో కోళ్లు పెద్ద ఎత్తున చచ్చాయి. 1995లో ఆంధ్ర, కర్ణాటక దక్కన్ పల్లెల్లో తడిసిన జొన్న, మొక్కజొన్న తిని జనానికి కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయి. పరిశీలించిన 50 గ్రామాల్లో 27 గ్రామాల్లో ఆ జబ్బు కనిపించింది. అయితే అక్కడ దోషి ఫ్లేవస్ కాదు, ఫ్యుసేరియం అనే వేరే బూజు చేసే ఫ్యుమోనిసిన్. తడిసిన ధాన్యం మీద ఒక్క బూజే కూర్చోదని గుర్తుపెట్టుకోవడానికి ఇది చెప్పాం.

పాల లెక్క

ఇప్పుడు మొదట చెప్పిన తొట్టి దగ్గరికి వద్దాం. ఆవు తిన్న బి1లో కొంత భాగం దాని కాలేయంలో మారి ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. సాధారణంగా ఇది నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు, ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఇంకా ఎక్కువ. తిన్న రోజులోపే పాలలో కనిపిస్తుంది. ఆ మేత ఆపితే మూడు నాలుగు రోజుల్లో పోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. కిలోకు 100 మైక్రోగ్రాముల బి1 ఉన్న చెక్కను ఆవుకు రోజుకు రెండు కిలోలు పెట్టారనుకోండి. కడుపులోకి పోయింది 200 మైక్రోగ్రాములు. అందులో నూటికి రెండు పాళ్లు, అంటే 4 మైక్రోగ్రాములు పాలలోకి వస్తాయి. ఆవు ఎనిమిది లీటర్లు ఇస్తే లీటరుకు 0.5. మన దేశంలో పాలకు అనుమతించిన గరిష్ఠ పరిమితి సరిగ్గా అదే, కిలోకు 0.5 మైక్రోగ్రాము. ఐరోపాలో అయితే 0.05, పదో వంతు. చెక్క అంతకంటే కొంచెం చెడ్డదైనా మన పరిమితి కూడా దాటిపోతుంది. పశువుల దాణాలో బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించకూడదని భారతీయ ప్రమాణం చెప్పేది ఇందుకే.

ఇది కాగితం మీది భయం కాదు. జాతీయ ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. 2019లో ఫలితాలు విడుదల చేసింది. జనం భయపడుతున్న యూరియా, డిటర్జెంట్ కల్తీ చాలా కొద్ది నమూనాల్లోనే దొరికింది. అఫ్లాటాక్సిన్ ఎం1 మాత్రం 5.7 శాతం నమూనాల్లో పరిమితి దాటింది. రాష్ట్రాలవారీగా అందరికంటే ఎక్కువ నమూనాలు మన తమిళనాడువే: 551లో 88. పాలు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఇద్దరమూ మనమే అయినప్పుడు ఆ అంకెను పక్కన పెట్టలేం. పాలలో నీళ్లు కలిపారా అని చూసినంత శ్రద్ధగా తొట్టిలో ఏం పోశారని ఎవరూ చూడటం లేదు.

నీళ్లకు కరగని ఈ విషం గానుగలో ఆడినప్పుడు ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. కొంత నూనెతో వచ్చే పిప్పి నలుసుల్లో ఉంటుంది. కాబట్టి ఏరిపారేసిన గింజలను గానుగకు ఇస్తే నూనె తెచ్చుకుని, విషం మొత్తాన్ని చెక్క రూపంలో ఆవుకు పెట్టినట్టే. శుద్ధి కర్మాగారాల్లో క్షారంతో కడిగిన నూనెలో ఇది దాదాపు పోతుంది. గానుగ నూనెలో ఆ దశ లేదు. గానుగ నూనె మంచిదే, మేమూ అదే వాడతాం, కానీ లోపల పోసిన గింజ మంచిదైతేనే.

ఒక్క గింజ

కుప్పలో విషం సమానంగా పరుచుకుని ఉండదు. వెయ్యి గింజలు శుభ్రంగా ఉండి ఒక్క గింజలో మొత్తం ఉండవచ్చు. ఒకే గింజలో కిలోకు పది లక్షల మైక్రోగ్రాముల లెక్కన విషం ఉన్న సందర్భాలు నమోదయ్యాయి. అర గ్రాము బరువున్న అలాంటి ఒక్క గింజలో 500 మైక్రోగ్రాములు ఉన్నట్టు. శుద్ధిచేయబోయే శనక్కాయకు మన పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు, నేరుగా తినేవాటికి 10. అంటే ఆ ఒక్క గింజ ముప్పై కిలోల పప్పును పరిమితి దాటించగలదు. ఏ వంశం బూజు ఏ గింజ మీద పడిందన్నది ఎంత పెద్ద విషయమో ఇక్కడే తెలుస్తుంది. ఒకే చేనులో రెండు బస్తాలు పరీక్షకు పంపితే రెండు రకాల ఫలితాలు రావడం మోసం కాదు, విషం స్వభావమే అంత.

దీన్ని ప్రయోగశాలలో ఎలా పడతారంటే, బూజును పెంచి అమ్మోనియా ఆవిరి చూపిస్తే విషం చేసే వంశాల అడుగుభాగం గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. చేయనివి తెల్లగానే ఉంటాయి. తరువాత పీసీఆర్‌తో ఏ జన్యువు ఉందో ఏది పోయిందో చూస్తారు. గింజలో విషాన్ని నేరుగా కొలవడానికి ఎలైసా పరీక్ష ఉంది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చు ఎలైసా పద్ధతిని తయారు చేసింది.

విషం లేని జ్ఞాతిని కాపలా పెట్టడం

జన్యు వైవిధ్యం మీద ఇంత శ్రమ ఎందుకంటే, అందులోంచే ఒక మందు పుట్టింది. విషం చేయని వంశపు బూజును చచ్చిన జొన్న గింజల మీద పూత పూసి పూతకు ముందు చేనులో చల్లితే, అది ముందుగా చోటు ఆక్రమించి విషం చేసే జ్ఞాతులను రానివ్వదు. అమెరికాలో పత్తి, మొక్కజొన్న, శనక్కాయ చేలలో ఈ పద్ధతి రెండు దశాబ్దాలుగా ఉంది. ఆఫ్రికాలో ‘అఫ్లాసేఫ్’ పేరుతో వచ్చినదాంట్లో ఆయా దేశపు సొంత నేలలో దొరికిన నాలుగు వంశాలను కలుపుతారు, హెక్టారుకు పది కిలోలు చల్లుతారు. విషం సాధారణంగా 80 శాతానికి పైగా తగ్గినట్టు ఫలితాలు వచ్చాయి.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. ఒక నేలకు పనికొచ్చిన వంశం మరో నేలలో నిలవకపోవచ్చు, అందుకే ప్రతి దేశమూ తన బూజు వంశాలను ముందు లెక్కపెట్టుకోవాలి. పైన చెప్పుకున్న లైంగిక కలయిక వల్ల, విషపు గుంపు మొత్తం లేని వంశాలే నమ్మదగ్గవని కొందరు శాస్త్రవేత్తల వాదన. ఒకే అక్షరం మారినవాటికి పోయింది తిరిగి దక్కే దారి తెరిచే ఉందని వారి అనుమానం. మాకూ ఆ వాదనే సబబుగా తోస్తుంది. ఇలాంటి సరుకని చెప్పి ఎవరైనా పొట్లం అమ్మజూపితే పాప్పారపట్టిలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో, పైయూరు పరిశోధనా కేంద్రంలోనో అడగకుండా చేనులో చల్లవద్దు. ఇంట్లో బూజును చూసి ఇది మంచిది, అది చెడ్డది అని విడదీసే పని మాత్రం ఎవరి వల్లా కాదు.

2017లో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మరో దారి చూపించారు. బూజును ఆపే రెండు మాంసకృత్తుల జన్యువులను శనక్కాయలో పెట్టడం ఒకటి, గింజలోకి వచ్చిన బూజు విషపు జన్యువులను మొక్కే నోరు మూయించేలా చేయడం రెండోది. ప్రయోగశాలలో చాలా బాగా పనిచేసింది. అది జన్యుమార్పిడి పంట, విత్తనం కొట్టులో దొరికేది కాదు.

చేనులో, ఇంట్లో

బూజు కల్లంలోనే పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సగం కథ నేలలోనే జరిగిపోతుంది. కోతకు ముందు మూడు నుంచి ఆరు వారాలు వాన లేక నేల వేడెక్కితే, కాయలో నీరు తగ్గి, గింజ తన రక్షణకు చేసుకునే పదార్థాలను చేయలేకపోతుంది. అప్పుడే ఫ్లేవస్ లోపలికి దిగుతుంది. చివరి నెలలో ఒక్క తడి ఇవ్వగలిగితే అది ఏ మందుకంటే గొప్పది. ఊడల దశలో ఎకరాకు 160 కిలోల జిప్సం వేస్తే పెంకు గట్టిపడుతుంది. విత్తనానికి కిలోకు 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించమని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. పీకేటప్పుడు గునపం దెబ్బ తిన్న కాయ, చెదలు తొలిచిన కాయ, మొక్కతోపాటు చచ్చిపోయిన కాయ వేరుగా పెట్టాలి. ముదిరాక నేలలో ఉంచకూడదు, పీకాక కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరనివ్వాలి. ఒలవడానికి నీళ్లు చల్లి తడిపే అలవాటు కొన్ని చోట్ల ఉంది. పని సులువవుతుంది, కానీ బూజుకు అంతకంటే మంచి ఆహ్వానం లేదు.

గింజలో తేమ 7, 8 శాతానికి దిగేదాకా ఎండాలి. పరికరం లేకపోతే, కాయ ఊపితే గింజ గలగలలాడాలి, గింజ పొర వేలితో రుద్దితే ఊడాలి. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టాలి. పాత గోనెల్లో పాత బూజు ఉంటుంది కనుక ఎండలో వేసి దులపాలి.

ఇంట్లో ఏరుడే అన్నిటికంటే బలమైన ఆయుధం. రాగిసంగటిలోకి పచ్చడి నూరేముందు, పిల్లలకు సత్తుమావు పట్టించేముందు గింజలు వెలుతురులో పరిచి, ముడుచుకున్నది, నల్లబడింది, చేదుగా ఉన్నది తీసేయండి. నోట్లో చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి. సత్తుమావు విషయంలో మరింత పట్టుదల అవసరం: పసిపిల్లలు రోజూ అదే తింటారు, ఒంటి బరువుకు లెక్కేస్తే వాళ్లకు పడే మోతాదు పెద్దలకంటే ఎక్కువ. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్, టోగో దేశాల్లో రక్తంలో అఫ్లాటాక్సిన్ ఆనవాళ్లు ఎక్కువున్న పిల్లలు ఎత్తు, బరువులో వెనకబడి ఉన్నట్టు 2002లో ఒక అధ్యయనం చూపించింది.

ఏరిన చెత్త గింజలు ఆవుకు వద్దు, కోడికి వద్దు, గానుగకు వద్దు, తక్కువ ధరకు మిఠాయి వాళ్లకు అసలే వద్దు. పేడకుప్పలోనూ వేయకండి, మళ్లీ చేనుకే చేరుతుంది. ఇంటికి, తొట్టికి దూరంగా కాల్చేయండి. ఆవుకు చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి, ముక్కిన వాసన, లోపల పచ్చదనం ఉంటే తిప్పి పంపండి. అయితే వాసన లేనంత మాత్రాన మంచిదని కాదు. చెక్క పాతబడకుండా పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. ఒకసారి చెడు చెక్క పెట్టామని తెలిసిందా, ఆ మేత ఆపి నాలుగు రోజుల పాలు ఇంట్లో పిల్లలకు పోయకండి, డిపోకూ పోయకండి. ఆ నాలుగు రోజుల నష్టం కష్టమేనని మాకూ తెలుసు.